టోపీ నీడలో ముఖం: టెక్సస్ పిల్లలు గీస్తున్న నల్లజాతి కౌబాయ్‌లు

అయోవా రాష్ట్రంలో క్లింటన్ అనే ఊరు. 1930ల్లో అక్కడి పిల్లలు కౌబాయ్ ఆట ఆడుకునేవాళ్ళు, ఒక జట్టు కౌబాయ్‌లు, ఇంకో జట్టు రెడ్ ఇండియన్లు. పాల్ స్టీవార్ట్ అనే నల్లజాతి కుర్రాడికి మాత్రం ఎప్పుడు ఆడినా రెండో జట్టే. నల్లవాళ్ళలో కౌబాయ్‌లు ఎక్కడైనా ఉంటారా అని తోటి పిల్లలు అనేవాళ్ళు, సినిమాల్లో ఎప్పుడూ కనపడలేదు కాబట్టి అతనూ అది నిజమే అనుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత డెన్వర్ వెళ్ళినప్పుడు బూట్లూ టోపీతో ఒక నల్లజాతి మనిషి కనపడితే ఎవరో వేషం కట్టారనుకున్నాడు. కాదు, ఆయన నిజంగా పశువుల్ని పెంచే మనిషే అని చుట్టం చెప్పాడు.

స్టీవార్ట్ ఆ తర్వాత డెన్వర్‌లో సెలూన్ నడిపారు. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన పెద్దవాళ్ళని కదిపి, మీ నాన్న ఏం చేసేవారు, మీ తాత ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగేవారు. వాళ్ళ ఇళ్ళలో పెట్టెల అడుగున పడి ఉన్న ఫోటోలు, కాగితాలు, పాత సామాన్లు అలా ఒక్కొక్కటిగా చేరాయి. 1971 నాటికి ఆ సేకరణే బ్లాక్ అమెరికన్ వెస్ట్ మ్యూజియం అయింది. అంటే ఒక పెద్ద చరిత్ర ఇళ్ళలోని ఫోటోల్లో భద్రంగానే ఉంది, అడిగినవాళ్ళే లేరు. ఇప్పుడు టెక్సస్ స్కూళ్ళలో పిల్లలు నల్లజాతి కౌబాయ్‌ల బొమ్మలు గీస్తున్నారంటే దాన్ని ఈ పనికి కొనసాగింపుగానే చూడాలి. ఏదో పండగ పేరు చెప్పి గోడకి అంటించే చార్టులాగా చూస్తే అందులో ఉన్న అసలు విషయం జారిపోతుంది.

ముందు ఈ బొమ్మలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. హ్యూస్టన్ లైవ్‌స్టాక్ షో అండ్ రోడియో 1932లో మొదలైంది. రోడియో అంటే స్వారీ, తాడు వేయడం లాంటి కౌబాయ్ విద్యల పోటీ. ఇప్పుడు ప్రతి మార్చిలో దాదాపు మూడు వారాలు జరుగుతుంది, 20 లక్షలకి పైగా జనం వస్తారు. ఎద్దుల మీద స్వారీ, రాత్రి కచేరీలు, పశువుల వేలం అందరికీ తెలిసినవే. వాటితో పాటు 1960ల నుంచి స్కూల్ పిల్లల చిత్రకళ పోటీ కూడా జరుగుతోంది. కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా ఎవరైనా గీయొచ్చు, వస్తువు మాత్రం అమెరికా పశ్చిమ ప్రాంతపు జీవితమే అయి ఉండాలి: రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రం), గుర్రం, పశువులు, టెక్సస్ నేల, అక్కడి మనుషులు. స్కూలు స్థాయిలో, తర్వాత డిస్ట్రిక్ట్ స్థాయిలో వడపోత జరిగి, చివరికి మిగిలిన కొద్ది బొమ్మలు వేలానికి వెళతాయి. మొదటి బహుమతి బొమ్మ 2 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయిన సంవత్సరాలున్నాయి. ఆ డబ్బంతా పిల్లల చేతికి రాదు. వాళ్ళకి ఇచ్చేదానికి ఒక పరిమితి ఉంటుంది, మిగతాది స్కాలర్‌షిప్పులకి పోతుంది. ఎంతైనా ఒక హైస్కూల్ పిల్లకి రంగు పెన్సిళ్ళతో గీసిన బొమ్మ కాలేజీ ఫీజుకి దారి చూపిస్తుందంటే అది చిన్న విషయం కాదు.

ఈ పోటీలో ఒక నిబంధన ఉంది, చూడ్డానికి కాపీరైటు గొడవ లేకుండా పెట్టినట్టుంటుంది కానీ దాని ఫలితం చాలా దూరం వెళ్ళింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో చూసి గీయకూడదు. పత్రికలోదో సినిమాలోదో అసలే కుదరదు. ఫోటో సొంతంగా తీసుకోవాలి, లేదా తీసినవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. దీంతో ఏమవుతుందంటే, కౌబాయ్‌ని గీయాలనుకున్న పిల్లలు కౌబాయ్ దగ్గరికి వెళ్ళాల్సిందే. గూగుల్‌లో కౌబాయ్ అని వెతికితే వచ్చే తెల్లటి ముఖాల వరస ఇక్కడ పనికిరాదు. ఇంట్లో మామయ్య శనివారాలు దూడలకి తాడు వేస్తాడా, వీధి చివర పెద్దాయన దగ్గర రెండు గుర్రాలున్నాయా, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇంకా పశువులున్నాయా, అక్కడికే కెమెరా పట్టుకుని వెళ్ళాలి. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న నల్లజాతి కుటుంబాల్లో ఇలాంటి మామయ్యలు, తాతయ్యలు చాలామంది ఉన్నారు. ఎక్కడో మ్యూజియంలో చూసి నేర్చుకోవాల్సిన విషయం కాదు వాళ్ళకి, ఇంటి వెనకాల కొట్టంలో ఉన్న విషయం.

మన దగ్గర 1971లో కృష్ణ గారు టోపీ పెట్టి గుర్రమెక్కిన దగ్గర్నుంచి కౌబాయ్ అంటే తెలుగువాళ్ళకి ఒక రూపం మనసులో పడిపోయింది. దానికి మూలం హాలీవుడ్, ఇటలీ సినిమాలు. ఆ సినిమాల్లో కౌబాయ్ తెల్లవాడు, ఒంటరివాడు, తుపాకీ మనిషి. పశువులు ఎక్కడో వెనకాల దుమ్ములో ఉంటాయి. అసలు కౌబాయ్ అంటే పశువుల్ని తోలే కూలీ అన్న సంగతి ఆ రూపంలో ఎక్కడా మిగల్లేదు. అది ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మిగతా కథ సులభంగా అర్థమవుతుంది, ఎందుకంటే అమెరికా దక్షిణాన 19వ శతాబ్దంలో కష్టమైన కూలి పని ఏది తీసుకున్నా అందులో నల్లవాళ్ళు ఉండక తప్పదు.

1860 జనాభా లెక్కల్లో టెక్సస్‌లో 1,82,566 మంది బానిసలున్నారు. మొత్తం జనాభాలో ఇది దాదాపు 30 శాతం. ఎక్కువమంది పత్తి చేలల్లో పనిచేసేవాళ్ళు, కానీ గల్ఫ్ తీరం వెంబడి, బ్రజోస్ నది పరిసరాల్లో పశువులే ఆస్తిగా ఉన్న యజమానుల దగ్గర చాలామంది పశువుల పనిలోనే ఉండేవాళ్ళు. గుర్రాన్ని మచ్చిక చేయడం, తాడు వేసి దూడని పడగొట్టడం, కాల్చిన ఇనుముతో ముద్ర వేయడం, తప్పిపోయిన పశువుని పొదల్లోంచి తోలుకురావడం. ఈ విద్యలో పెద్ద భాగం మెక్సికన్ వకేరోల దగ్గర నుంచి, అంటే గుర్రమెక్కి పశువుల్ని కాసేవాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. పశువుల పెంపకం తెలిసిన పశ్చిమ ఆఫ్రికా సమాజాల నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ నైపుణ్యం కూడా ఇందులో ఉందని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక తెల్ల యజమానులు, వాళ్ళ కొడుకులు సైన్యంలోకి వెళ్ళిపోతే చాలా చోట్ల మందల్ని చూసుకున్నది బానిసలే.

యుద్ధం ముగిసి, 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో విముక్తి ఉత్తర్వు చదివేసరికి టెక్సస్‌లో పరిస్థితి ఎలా ఉందంటే, లక్షల లాంగ్‌హార్న్ (పొడుగు కొమ్ముల) పశువులు అదుపు లేకుండా తిరుగుతున్నాయి, వాటిని పట్టి తోలగల మనుషులు తక్కువ. ఇక్కడ తల ఒక్కింటికి 4 డాలర్లు పలికే పశువు ఉత్తరాది బజారులో 40 దాకా పలికేది. రైలు కాన్సస్ దాకానే ఉంది. కాబట్టి వందల మైళ్ళు మందని నడిపించుకుంటూ పోవాలి. 1867లో కాన్సస్‌లోని అబిలీన్‌లో పశువుల బజారు మొదలైంది, టెక్సస్ నుంచి అక్కడికి పశువుల్ని తోలుకెళ్ళే చిసమ్ ట్రయిల్ అనే దారి నిండిపోయింది. రెండు మూడు వేల పశువుల మందకి పది పన్నెండు మంది కాపరులు, వంటబండి, వంటవాడు, గుర్రాల్ని చూసుకునే కుర్రాడు. రోజుకి పది పదిహేను మైళ్ళ నడక. పని తెలిసినవాడు కావాలి, రంగు తర్వాత సంగతి. కొత్తగా స్వేచ్ఛ వచ్చిన మనిషికి చేతిలో విద్య ఉంది, దానికి ఇప్పుడు జీతం ఇస్తామంటున్నారు. వెళ్ళారు.

అప్పటి కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లవాళ్ళు అనే లెక్క పిల్లల బొమ్మల కింద రాసే వివరణల్లో తరచూ కనిపిస్తుంది. ఇది చరిత్రకారుల అంచనా, ఎవరూ తలలు లెక్కపెట్టి చెప్పింది కాదు. కొన్ని రాంచ్‌లలో, ముఖ్యంగా గల్ఫ్ తీరంలో, జట్టు మొత్తం నల్లవాళ్ళే ఉన్న సందర్భాలున్నాయి, ఉత్తరాన మోంటానా వైపు వెళితే ఒకరిద్దరే. అలాగే ఇంకో మాట బాగా తిరుగుతోంది: తెల్లవాళ్ళని కౌహ్యాండ్ అనేవాళ్ళు, నల్లవాళ్ళనే చులకనగా కౌబాయ్ అనేవాళ్ళు, ఆ పేరే తర్వాత అందరికీ అంటుకుంది అని. పెద్ద వయసు నల్లవాళ్ళని కూడా బాయ్ అని పిలిచిన దేశం కాబట్టి ఈ కథ నమ్మబుద్ధేస్తుంది. కానీ కౌబాయ్ అనే మాట ఇంగ్లిష్‌లో 18వ శతాబ్దం నుంచే ఉంది, కాబట్టి పేరు పుట్టుక అక్కడే అని గట్టిగా చెప్పడం కుదరదు. పిల్లలకి ఇది చెబితే బొమ్మ విలువేమీ తగ్గదు. నిజంగా జరిగిందే కావలసినంత ఉంది.

పిల్లలు చరిత్రలోంచి ఎవరినైనా తీసుకుని గీసేటప్పుడు కొన్ని పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. నాట్ లవ్ ఒకరు. 1854లో టెన్నెసీలో బానిసగా పుట్టి, పశువుల దారుల్లో తిరిగి, ఆ రోజులు అయిపోయాక రైళ్ళలో పుల్‌మన్ పోర్టర్‌గా, అంటే నిద్రబోగీల్లో ప్రయాణికుల పనులు చూసేవాడిగా పనిచేసి, 1907లో ఆత్మకథ అచ్చు వేయించుకున్నారు. జీను పక్కన, తుపాకీతో, పొడుగు జుట్టుతో నిలబడ్డ ఆయన ఫోటో నల్లజాతి కౌబాయ్‌ల ఫోటోలన్నిటిలోకీ ఎక్కువ మంది చూసిందేమో. మోంటానాలో ఉత్తరాల బండి నడిపిన మేరీ ఫీల్డ్స్ అంటే ఆడపిల్లలకి ఇష్టం. బాస్ రీవ్స్ సరేసరి. 1875 నుంచి ఫోర్ట్ స్మిత్ కోర్టు కింద డిప్యూటీ మార్షల్‌గా (నేరస్థుల్ని పట్టి తెచ్చే ప్రభుత్వ అధికారిగా) పనిచేసి 3,000 మందికి పైగా నేరస్థుల్ని పట్టుకున్నారన్నది ప్రసిద్ధం. రేడియో, టీవీ కథల్లోని ముసుగు వీరుడు లోన్ రేంజర్ పాత్రకి అసలు మూలం ఈయనే అని కూడా బొమ్మల కింద రాస్తుంటారు, దానికి మాత్రం సరైన ఆధారం లేదు. అలా రాయాల్సిన అవసరం అంతకన్నా లేదు. బానిసగా పుట్టి, చదవడం రాయడం రాకపోయినా వారంట్లు ఎవరిచేతనో చదివించుకుని, గుర్తుపెట్టుకుని, సరైన మనిషినే తీసుకొచ్చిన రీవ్స్‌కి గొప్పతనం రావడానికి ఒక కల్పిత పాత్ర ఎందుకు?

బిల్ పికెట్ దగ్గర కాస్త ఆగాలి. 1870లో టెక్సస్‌లో పుట్టారు, తల్లిదండ్రులకి 13 మంది పిల్లలు, తండ్రి బానిసత్వంలోంచి బయటపడ్డవారు. చిన్నప్పుడు బుల్‌డాగ్ కుక్క ఒకటి మొండి పశువుని మూతి పట్టుకుని కదలకుండా ఆపడం చూశారు. కుక్క చేయగలిగింది మనిషి చేయలేడా అనుకుని, పరుగెత్తే గుర్రం మీంచి పశువు కొమ్ముల మీదకి దూకి, మెడ తిప్పి, దాని పై పెదవిని పళ్ళతో పట్టుకుని కింద పడేయడం మొదలుపెట్టారు. దానికి బుల్‌డాగింగ్ అని పేరొచ్చింది. ఓక్లహోమాలోని 101 రాంచ్ ప్రదర్శన జట్టుతో ఊరూరా తిరిగారు. నల్లవాళ్ళని బరిలోకి రానివ్వని చోట్ల ఆయన్ని ఇంకో జాతివాడిగా చెప్పి దింపిన సందర్భాలూ ఉన్నాయి. 1932లో గుర్రం తన్ని చనిపోయారు. పళ్ళతో పట్టే భాగం పోయింది కానీ మిగతాదంతా స్టీర్ రెజ్లింగ్ పేరుతో ఇవాళ ప్రతి రోడియోలోనూ ఉంది. అంటే రోడియోలో ఒక ఆటకి ఆటే ఈ ఒక్క మనిషి చేతుల్లోంచి వచ్చింది.

ఇక తపాలా బిళ్ళ సంగతి. అమెరికా తపాలా శాఖ 1990ల్లో పశ్చిమ వీరుల పేరుతో 20 బిళ్ళల షీటు వేసింది, అందులో ఒకటి బిల్ పికెట్‌ది. చిత్రకారుడు పాత ఫోటో చూసి జాగ్రత్తగానే వేశాడు. షీట్లు అచ్చయి దేశమంతా పోస్టాఫీసులకి వెళ్ళాయి కూడా. అప్పుడు తెలిసింది ఆ ఫోటో బిల్‌ది కాదు, తమ్ముడు బెన్‌ది అని. ఆ ఫోటోకి బిల్ పికెట్ అనే పేరు ఎప్పటి నుంచో అంటుకుని ఉంది, పుస్తకాల్లో కూడా అలాగే వచ్చింది, ఎవరూ సరిచూడలేదు. 1994లో షీట్లన్నీ వెనక్కి తెప్పించి, సరైన ముఖంతో మళ్ళీ అచ్చు వేశారు. తప్పు షీట్లలో 1,50,000 మాత్రం లాటరీ పద్ధతిలో సేకరణదారులకి అమ్మారు. బిళ్ళలు దాచుకునేవాళ్ళకి ఇది సరదా కథ కావచ్చు. పికెట్ కుటుంబం వైపు నుంచి చూస్తే అలా అనిపించదు. పుట్టిన 120 ఏళ్ళకి దేశం గుర్తింపు ఇచ్చింది, ఇచ్చేటప్పుడు మనిషి ముఖమే మారిపోయింది. అన్నదమ్ములిద్దరూ తెలిసినవాళ్ళు ఒక్కరు ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

స్కూల్ పిల్లల బొమ్మకి ఉన్న బలం సరిగ్గా ఇక్కడే. మనవరాలు తాతయ్యని గీస్తే ముఖం తప్పు రాదు. పోలిక సరిగ్గా కుదరకపోవచ్చు, చెవి కాస్త పెద్దదవచ్చు, కానీ మనిషి మారడు.

ఇంతకీ ఆ తాతయ్య తరం ఏం చూసింది? ముళ్ళకంచె వచ్చి, రైళ్ళు దక్షిణానికి దిగి, 1880ల చివరికి పశువుల సుదీర్ఘ ప్రయాణాలు ఆగిపోయాయి. పని రాంచ్‌ల లోపలికి, ఆట రోడియోలోకి చేరింది. నల్లవాళ్ళని వేరుగా ఉంచే చట్టాల కాలంలో తెల్లవాళ్ళ రోడియోల్లో నల్లజాతి పోటీదారుల్ని రానిచ్చేవాళ్ళు కాదు, ఒక్కోసారి రానిచ్చినా ప్రేక్షకులు వెళ్ళిపోయాక ఖాళీ బెంచీల ముందు స్వారీ చేయమనేవాళ్ళు. అందుకని వాళ్ళు తమ రోడియోలు తామే పెట్టుకున్నారు. ఓక్లహోమాలోని ఓక్మల్గీలో 1956 నుంచి నడుస్తున్నది అలాంటిదే. టెక్సస్‌లోని క్రాకెట్‌కి చెందిన మర్టిస్ డైట్‌మన్ 1964లో నేషనల్ ఫైనల్స్ రోడియోకి, అంటే ఏడాది చివరి జాతీయ స్థాయి పోటీకి వెళ్ళిన మొదటి నల్లజాతి పోటీదారు. ప్రపంచ టైటిల్ ఆయనకి దక్కలేదు. ఆయన దగ్గర మెళకువలు నేర్చుకున్న చార్లీ శాంప్సన్ 1982లో బుల్ రైడింగ్‌లో ఆ టైటిల్ గెలిచాడు. హ్యూస్టన్ పక్కన హాక్లీకి చెందిన ఫ్రెడ్ విట్‌ఫీల్డ్ తర్వాత 8 ప్రపంచ టైటిళ్ళు తెచ్చాడు. 1984లో డెన్వర్ మనిషి లూ వేసన్ బిల్ పికెట్ పేరుతోనే ఊరూరా తిరిగే నల్లజాతి రోడియో మొదలుపెట్టారు. ఆయనకి ఆ ఆలోచన వచ్చింది పాల్ స్టీవార్ట్ మ్యూజియం చూశాకే.

హ్యూస్టన్ రోడియోకి ముందు నలుమూలల నుంచి గుర్రాల మీద, బండ్ల మీద రోజుల తరబడి నడిచి వచ్చే ట్రయిల్ రైడ్‌లు ఒక ఆచారం. వాటిలో ప్రెయిరీ వ్యూ ట్రయిల్ రైడ్ 1957లో నల్లవాళ్ళు పెట్టుకున్నది, డైట్‌మన్ కూడా ఆ పెట్టినవాళ్ళలో ఒకరు. ప్రెయిరీ వ్యూ అంటే నల్లజాతి విద్యార్థుల కోసం 1876లో పెట్టిన కాలేజీ ఉన్న ఊరు, ఒకప్పటి బానిసల తోట నేల మీదే ఆ కాలేజీ లేచింది. రైడ్‌లో మూడు తరాలు కలిసి వస్తాయి, ముందు తాత గుర్రం, వెనక బండిలో పిల్లలు, సాయంత్రం బస దగ్గర వంటలు, లూసియానా వైపు నుంచి వచ్చిన జైడెకో పాటలు. ఫోటోలకి, ఆ తర్వాత బొమ్మలకి ఇంతకన్నా మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? పిల్లల బొమ్మల్లో కొన్నిటిలో బండి చక్రాల వెనక ఆగి ఉన్న పికప్ ట్రక్కు, గుర్రం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న అక్క లాంటివి కూడా ఉంటాయి. పోటీ కోసం వాటిని తీసేసి శుభ్రం చేయకుండా ఉంచినవే ఎక్కువ నచ్చుతాయి.

బొమ్మ పని దగ్గరికి వస్తే, పైనుంచి చూసేవాళ్ళకి తెలియని కష్టం ఒకటి ఉంది. కౌబాయ్ ముఖం ఎప్పుడూ టోపీ అంచు కింద ఉంటుంది. టెక్సస్ ఎండలో ఆ అంచు ముఖం మీద సగం దాకా గట్టి నీడ వేస్తుంది. నల్లటి చర్మం మీద ఆ నీడని గీయాలంటే మొదటిసారి ప్రయత్నించే పిల్లలు నల్ల పెన్సిల్ అందుకుంటారు, అక్కడితో కళ్ళు, నుదురు, చెంప ఎముక అన్నీ కలిసి ఒకే మసి అయిపోతాయి. నిజానికి ఆ నీడలో నలుపు చాలా తక్కువ. కింద ముదురు గోధుమ రంగు, దాని మీద ఊదా, నీలం పల్చగా, మళ్ళీ దాని మీద ఎర్రమట్టి రంగు, ఇలా పొర మీద పొర వేస్తూ పోవాలి. నేల మీద పడ్డ ఎండ పైకి తిరిగొచ్చి గడ్డం కిందా ముక్కు కిందా ఒక వెచ్చటి వెలుగు గీతలా కనిపిస్తుంది, అది పట్టుకుంటేనే ముఖం లేస్తుంది. గుర్రం నుదుటి తెలుపు కోసం కాగితాన్ని అలాగే వదిలేయాలి. ఒక్క ముఖానికి వారాలు పడుతుంది. అన్ని వారాలు ఒకే ముఖాన్ని అంత దగ్గరగా చూడటం అంటే ఏమిటో ఆలోచించండి. నల్లవాళ్ళ ముఖాల్ని ఫోటోల్లో, సినిమాల్లో సరిగ్గా వెలుతురు కూడా పెట్టకుండా వదిలేసిన దేశంలో, ఒక 16 ఏళ్ళ పిల్ల కూర్చుని ఆ నీడలో ఏయే రంగులున్నాయో వెతుకుతోంది.

చేతులు ఇంకో పరీక్ష. మంచి బొమ్మల్లో ముఖం కన్నా చేతుల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాం. తాడు పట్టిన చేతిలో బొటనవేలు ఎక్కడుందో చూడాలి, ఎందుకంటే తాడు కొమ్ముకి పడ్డాక జీను ముందున్న కొయ్యకి చుట్టేటప్పుడు బొటనవేలు మధ్యలో ఇరుక్కుంటే వేలు తెగిపోతుంది. అలా వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఈ వృత్తిలో చాలామందే. మడతలు పడిన వేలికణుపులు, తాడు రాసుకుని నున్నబడిన అరచెయ్యి, పగిలిన గోరు, ఇవి గీసిన పిల్లకి పని అంటే ఏమిటో కొంత తెలిసినట్టే.

ఈ పోటీ పద్ధతిలో ఒక లోపం ఉంది, అది చెప్పకుండా పొగడటం సరికాదు. న్యాయనిర్ణేతలకీ వేలంలో పాడేవాళ్ళకీ ఫోటోలా ఉన్న బొమ్మ అంటే మోజు. ఎంత అచ్చుగుద్దినట్టుంటే అంత ధర. దాంతో పిల్లలు ఫోటోని వెంట్రుకతో సహా దించడమే కళ అనుకునే ప్రమాదం ఉంది. పెయింటింగ్‌లో తెగువ చూపించేవాళ్ళు, మనిషిని చదును చేసి ఒకే రంగులో నింపేవాళ్ళు, పాత బట్ట ముక్కలతో కొలాజ్ చేసేవాళ్ళు వెనకపడిపోతారు. బయట పెద్ద చిత్రకారులు ఈ వస్తువుతో ఎంత దూరం వెళ్ళారో పిల్లలకి చూపించాలి. ఘనా నుంచి వచ్చిన ఓటిస్ క్వామే క్యే క్వైకో బూడిద రంగు చర్మాలతో, మెరిసే రంగుల బట్టలతో వేసిన కౌబాయ్‌లు, థామస్ బ్లాక్‌షియర్ బంగారు పూత అలంకారాలతో వేసిన పశ్చిమ వీరులు, 2016లో హార్లెమ్ స్టూడియో మ్యూజియం కేవలం నల్లజాతి కౌబాయ్‌ల మీదే పెట్టిన ప్రదర్శన, ఇవన్నీ ఒకే వస్తువుని ఎన్ని రకాలుగా చూడొచ్చో చెబుతాయి.

ఇలాంటి బొమ్మల్ని నల్లజాతి కౌబాయ్‌ల వేడుక అంటుంటారు, ఇంకో చిక్కు ఆ మాటతోనే వస్తుంది. సూర్యాస్తమయం, గుర్రం, గర్వంగా ఎత్తిన గడ్డం, ఇదొక అచ్చు. అందంగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు, ఇన్నాళ్ళు కనపడని మనిషిని ఒకసారి గర్వంగా చూపించడం అవసరమే. కానీ బోస్ ఐకార్డ్ గుర్రం మీద ఎంత ఠీవిగా కూర్చున్నా ఆయనకి ఆ విద్య వచ్చింది బానిసత్వంలో. చార్లెస్ గుడ్‌నైట్ లాంటి పెద్ద రాంచర్ తన డబ్బు చేతికిచ్చి నమ్మిన మనిషి, 1929లో చనిపోతే గుడ్‌నైట్ సమాధి రాయి వేయించి మెచ్చుకుంటూ రాయించారు. అయితే ఇద్దరూ ఒకే దారిలో ఒకే మంద వెనక నడిస్తే ఒకరికి రాంచ్ మిగిలింది, ఇంకొకరికి రాయి మిగిలింది. దీనికి ఎదురు ఉదాహరణ డానియెల్ వెబ్‌స్టర్ వాలెస్, అందరూ 80 జాన్ అని పిలిచేవాళ్ళు. 1860లో బానిస కుటుంబంలో పుట్టి, జీతంలో కొంత యజమాని దగ్గరే దాచుకుని, ఆ డబ్బుతో సొంత పశువులు కొనుక్కుని, మిచెల్ కౌంటీలో వేల ఎకరాల రాంచ్ సంపాదించారు. ఆయన్ని గీసేవాళ్ళు తక్కువ. తుపాకీ లేదు, పోరాటం లేదు, నెలనెలా దాచుకున్న డబ్బు ఉంది, దాన్ని బొమ్మలో ఎలా చూపించాలి? కష్టమే, కానీ టీచర్లు పిల్లలకి అప్పగించాల్సింది ఇలాంటి కష్టాన్నే.

హ్యూస్టన్ శివార్లలో ఉన్న తెలుగు ఇళ్ళలో ఈ గొడవంతా కొత్త కాదు. రోడియో ముందు శుక్రవారం గో టెక్సన్ డే నాడు మన పిల్లలు కూడా బూట్లు, టోపీ వేసుకుని స్కూలుకి వెళతారు, ఇదే పోటీకి బొమ్మలు ఇస్తారు. షుగర్‌లాండ్ నుంచి కాస్త ముందుకు వెళితే రోజెన్‌బర్గ్‌లో బ్లాక్ కౌబాయ్ మ్యూజియం ఉంది. తానూ కౌబాయ్‌గా పెరిగిన లారీ కాలిస్ 2017లో పెట్టారు. చిన్నదే, ఒక మధ్యాహ్నం చాలు. పిల్లల బొమ్మకి కౌబాయ్ ఎలా ఉంటాడో వెతికే అమ్మానాన్నలు ముందు అక్కడికి తీసుకెళితే బాగుంటుంది.

అన్నట్టు మనకి నేరుగా తగిలే సంగతి ఒకటుంది. రోడియో బొమ్మల్లో మూపురం ఉన్న ఎద్దు కనిపిస్తే అది చాలావరకు బ్రహ్మన్ అనే అమెరికా పశుజాతి రక్తం కలిసినదే. గల్ఫ్ తీరపు వేడినీ పిడుదుల్నీ యూరప్ పశువులు తట్టుకోలేకపోతే, టెక్సస్ రాంచర్లు భారతదేశపు జాతుల్ని తెప్పించారు, 1906లో వచ్చిన మంద వాటిలో పేరున్నది. గుజరాత్ జాతులతో పాటు నెలోర్ కూడా ఆ కలయికలో ఉంది. నెలోర్ అంటే మన నెల్లూరు పేరే, జాతి మన ఒంగోలు జాతి. నల్లజాతి రైడర్ పోటీకి కావలసిన ఎనిమిది సెకన్లు పడిపోకుండా నిలబడటానికి ప్రాణాలొడ్డే ఆ వీపు మీది మూపురంలో ప్రకాశం జిల్లా పచ్చిక కూడా కొంత ఉందన్నమాట. మన పిల్లలు ఆ ఎద్దుని గీసేటప్పుడు ఈ సంగతి చెప్పండి, ఎవరో పరాయివాళ్ళ పండగ బొమ్మ గీస్తున్నామన్న బెరుకు పోతుంది.

పోటీకి పంపే ముందు టీచర్లు ఒక కాగితం నింపిస్తారు, పేరు, తరగతి, ఫోటో ఎవరిదో, అనుమతి ఎవరిచ్చారో. దానితో పాటు బొమ్మ వెనక ఇంకో నాలుగు మాటలు రాయిస్తే బాగుంటుంది: బొమ్మలో ఉన్న మనిషి పేరు, ఊరు, గుర్రం పేరు, ఫోటో తీసిన రోజు. తాతయ్యని కూర్చోబెట్టి అడిగితే ఆయన తాత పేరు కూడా వస్తుంది, ఏ రాంచ్‌లో పనిచేశారో, ఆ రాంచ్ ముద్ర ఏమిటో చెబుతారు. ఆ ముద్రని కూడా పెన్సిల్‌తో పక్కన గీసి పెట్టొచ్చు.